4కే డిస్కులకి ఇంకెన్నాళ్లు ఆయుష్షు? ఇప్పుడు ప్లేయర్ కొనొచ్చా?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. ఉండేది హైదరాబాద్‌లో. 65 అంగుళాల ఓలెడ్ టీవీ, ఈఆర్క్ (టీవీ శబ్దాన్ని రిసీవర్‌కి పంపే హెచ్‌డీఎంఐ దారి) ఉన్న ఏవీ రిసీవర్, 5.1.2 స్పీకర్లు (చుట్టూ ఐదు, ఒక సబ్‌వూఫర్, పైన రెండు) ఉన్నాయి. ఇన్నాళ్లూ ఓటీటీ మీదే బండి నడిచింది. అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే, అంటే 4కే సినిమా డిస్కులు, మొదలుపెడదామని గట్టిగా ఉంది కానీ వార్తలు చూస్తే కాళ్లు వెనక్కి పోతున్నాయి. ఒప్పో 2018లో వెళ్లిపోయింది, శామ్‌సంగ్ 2019లో, ఎల్‌జీ 2024 చివర్లో ప్లేయర్లు ఆపేశాయి. అమెరికాలో బెస్ట్ బై 2024లో సినిమా డిస్కులు అమ్మడమే మానేసింది.

కొంటే పదేళ్లు వాడుకోగలనా? 8కే డిస్కు వస్తుందేమో, అందాకా ఆగడం మంచిదా? తమ్ముడు డాలస్ నుంచి వచ్చే నెల వస్తున్నాడు, ప్లేయర్ అక్కడే కొనిపించమంటారా? ఇంకో విషయం. మిత్రుడి ప్లేయర్‌లో ఒక 100 జీబీ డిస్కు పెట్టి చూశాం, సినిమా రెండున్నర గంటలు. ఎన్నిసార్లు పెట్టినా సరిగ్గా 50వ నిమిషం దాటగానే బొమ్మ బిగుసుకుపోతోంది. డిస్కుదా తప్పు, ప్లేయర్‌దా?

నీలిలేసర్:

గోదారిగట్టు గారూ, ముందు 8కే సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే దాని కోసం ఆగి కొనకుండా ఉండిపోయినవాళ్లు చాలామందే ఉన్నారు.

8కే డిస్కు రాదనే నా గట్టి అభిప్రాయం. లెక్క చూడండి. 4కే అంటే 3840×2160, 8కే అంటే 7680×4320. పిక్సెళ్లు నాలుగింతలు. ఇప్పుడు మంచి 4కే డిస్కులో వీడియో సగటున 60 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు) దగ్గర నడుస్తుందనుకుంటే రెండున్నర గంటల సినిమాకి 67.5 జీబీ పడుతుంది. 8కేకి ఇప్పుడు 4కే డిస్కుల్లో వీడియోని కుదించే హెచ్‌ఈవీసీకి బదులు రెట్టింపు పొదుపైన కోడెక్ (కుదించే పద్ధతి) వాడినా దాదాపు 135 జీబీ కావాలి. ఇళ్లకి వచ్చే ప్రెస్డ్ (ఫ్యాక్టరీలో అచ్చుతో నొక్కిన) డిస్కులో అతి పెద్దది 100 జీబీ. దానికి కొత్త డిస్కు, కొత్త ప్లేయర్, కొత్త లైసెన్సు, కొత్త ప్రెస్సింగ్ లైను కావాలి. ఉన్న 4కే ప్లేయర్లే ఒక్కొక్కరు వదిలేస్తున్న రోజుల్లో అంత పెట్టుబడి ఎవరు పెడతారు? సోనీ, పానాసోనిక్ కలిసి 2014లో ప్రకటించిన 300 జీబీ ఆర్కైవల్ డిస్కు కూడా డేటా భద్రపరిచే సంస్థల కోసమే వచ్చింది, సినిమా కోసం కాదు.

దానికి తోడు కన్ను సంగతి. 65 అంగుళాల తెర వెడల్పు 144 సెంటీమీటర్లు. 4కేలో ఒక్కో పిక్సెల్ 0.375 మిల్లీమీటర్లు. మామూలు చూపు ఒక నిమిషం (డిగ్రీలో 60వ వంతు) కోణం వరకే విడదీయగలదు. అంటే తెరకి సుమారు 1.3 మీటర్లు, మన కొలతలో నాలుగడుగుల పైచిలుకు దూరం దాటితే 4కే పిక్సెళ్లే విడిగా కనపడవు. 8కే వివరం పూర్తిగా తెలియాలంటే రెండడుగుల దగ్గర కూర్చోవాలి. సోఫా తొమ్మిదడుగుల దూరంలో వేసుకుని 8కే కోసం ఎదురుచూడటంలో అర్థం లేదు.

ఇక అసలు ప్రశ్న. డిస్కు ఫార్మాట్ పూర్తిగా పోతుందా అంటే, పెద్ద దుకాణాల సరుకుగా ఇప్పటికే పోయింది. చిన్న ముద్రణల సరుకుగా మాత్రం బతికే ఉంది, బాగా బతుకుతోంది. మేటి సినిమాలని డిస్కుల మీద తెచ్చే అమెరికా సంస్థ క్రైటీరియన్ 2021 నవంబరులో 4కేలోకి దిగింది. ఆరో, కినో లోర్బర్, సెకండ్ సైట్, వినెగర్ సిండ్రోమ్ వంటివి పాత సినిమాలని నెగటివ్ నుంచి మళ్లీ స్కాన్ చేసి ప్రతి నెలా తెస్తున్నాయి. కొత్త సినిమాల్లోనూ గిరాకీ చచ్చిపోలేదు. 2023 నవంబరులో ఓపెన్‌హైమర్ 4కే డిస్కు మొదటి వారంలోనే చాలా దుకాణాల్లో అయిపోయి మళ్లీ నొక్కించాల్సి వచ్చింది. కాకపోతే 2024లో డిస్నీ అమెరికాలో తన డిస్కుల పని సోనీ చేతికి అప్పగించింది. స్టూడియోలు ఈ పని తమ ఇంట్లో పెట్టుకోవడం మానేసి, చేయగలిగినవాళ్లకి ఇస్తున్నాయన్నమాట. మొత్తమ్మీద ధరలు పెరుగుతాయి, ప్రతులు తగ్గుతాయి, ఒకసారి స్టాకు అయిపోతే మళ్లీ దొరకదు. పుస్తకాల్లో పరిమిత ముద్రణ ఎలాగో ఇదీ అలాగే అవుతోంది.

నాకు బెంగ ఉన్నది ప్లేయర్ల గురించే. డిస్కు సరిగ్గా దాస్తే అల్మారాలో దశాబ్దాలు ఉంటుంది. ప్లేయర్‌లో లేసర్ పికప్‌కి (డిస్కుని చదివే భాగం), స్పిండిల్ మోటారుకి, ట్రే బెల్టుకి ఆయుష్షు ఉంది. పికప్ పోతే విడిభాగం దొరకడం రోజురోజుకీ కష్టమవుతోంది. కంప్యూటర్ డ్రైవుతో గడిపేద్దామంటే అదీ కుదరదు. అధికారికంగా ప్లే చేయాలంటే ఇంటెల్ ఎస్‌జీఎక్స్ (ప్రాసెసర్‌లోని ఒక భద్రతా ఏర్పాటు) కావాలి, 11వ తరం కోర్ నుంచి డెస్క్‌టాప్ చిప్పుల్లోంచి ఇంటెల్ దాన్ని తీసేసింది. కాబట్టి ఎవరైనా ఈ హాబీలోకి దిగేటట్టయితే డబ్బు ముందు ప్లేయర్ మీద పెట్టాలి, డిస్కుల గుట్ట మీద కాదు. స్తోమత ఉంటే రెండో ప్లేయర్ కూడా చవగ్గా దొరికినప్పుడు కొని, పెట్టెలో దాచుకోవాలి. దాచినదాన్ని ఆరు నెలలకోసారి బయటికి తీసి గంటసేపు నడపండి. ట్రే బెల్టు ఒకే వంపులో బిగుసుకుపోకుండా ఉంటుంది, మోటారు గ్రీజు గట్టిపడదు.

ఏది కొనాలంటే, గట్టిగా మిగిలినవి పానాసోనిక్, సోనీ, మాగ్నెటార్. ఓలెడ్ ఉంది కాబట్టి పానాసోనిక్ డీపీ-యూబీ820 నా ఓటు. డాల్బీ విజన్, హెచ్‌డీఆర్10 ప్లస్ (హెచ్‌డీఆర్ అంటే వెలుగునీడల, రంగుల పరిధి పెంచే పద్ధతి; ఈ రెండూ దాన్ని సీను సీనుకీ సరిచేస్తాయి) రెండూ ఉన్నాయి, డిస్కులో ఏముందో చూసి తనంతట తనే మారుతుంది. సోనీ ఎక్స్700 చవకే, బొమ్మ మంచిదే, కానీ డాల్బీ విజన్‌ని సెట్టింగ్స్‌లోకి వెళ్లి చేత్తో ఆన్, ఆఫ్ చేయాలి. ఆన్‌లో మరిచిపోతే మామూలు హెచ్‌డీఆర్10 డిస్కుని కూడా డాల్బీ విజన్‌గా బలవంతంగా పంపుతుంది, రంగులు తేడా కొడతాయి. పానాసోనిక్‌లోనే యూబీ420 తక్కువకి వస్తుంది కదా అని తీసుకోకండి, అందులో డాల్బీ విజన్ లేదు. మాగ్నెటార్ యంత్రాలు దిట్టంగా ఉంటాయి, ధర మాత్రం మామూలు ఇంటికి అందేది కాదు.

గేమ్ కన్సోల్ ఉందని దానితో సరిపెట్టుకోవాలనుకుంటే ఒక్కమాట. పీఎస్5 డాల్బీ విజన్ ఇవ్వదు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ ఓటీటీ యాప్‌లకి ఇస్తుంది గానీ డిస్కుకి ఇవ్వదు. విడిగా తగిలించే పీఎస్5 డ్రైవ్‌ని మొదటిసారి జత చేయడానికి ఇంటర్నెట్ తప్పనిసరి. ఆ సర్వర్లు ఉన్నంతకాలమే కొత్త కన్సోల్‌కి జతవుతుంది. ఏళ్లపాటు దాచుకోవాలనుకునేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

ఫ్రేమురేటు24:

50వ నిమిషం దగ్గర ఆగే డిస్కు గురించి రాస్తాను. ఇందులో చాలామంది ప్లేయర్‌ని తిట్టుకుని పారేస్తుంటారు, పాపం దాని తప్పు చాలాసార్లు ఉండదు.

100 జీబీ డిస్కులో మూడు పొరలు, ఒక్కోటి 33 జీబీ చిల్లర. లేసర్ మొదటి పొరని లోపలి నుంచి బయటి అంచుకి చదువుకుంటూ వెళ్తుంది. అంచు చేరాక రెండో పొర మీదకి ఫోకస్ మార్చి, బయటి నుంచి లోపలికి వస్తుంది. మళ్లీ మధ్యకి వచ్చాక మూడో పొరకి మారి బయటికి వెళ్తుంది. మీ సినిమా 150 నిమిషాలు. మూడో వంతు 50 నిమిషాలు. అంటే లేసర్ బయటి అంచున పొర మారుతున్న చోటే ఆగుతోందన్నమాట. మనం డిస్కుని పట్టుకునేది ఆ అంచునే. వేలిముద్ర, జిడ్డు, పెట్టెలో రాపిడి, వంకర, అన్నీ చేరేది అక్కడే.

బ్లూ-రే లేసర్ 405 నానోమీటర్ల నీలి-ఊదా కిరణం, డిస్కు మీద ట్రాకుకి ట్రాకుకి మధ్య దూరం 0.32 మైక్రాన్లు. పైన ఉన్న రక్షణ పొర మందం 0.1 మిల్లీమీటరు మాత్రమే. డీవీడీలో అది 0.6. పొర పలచన కాబట్టి పైనున్న మరక దాదాపు ఫోకస్‌లోనే ఉంటుంది, డీవీడీకి కనపడని వేలిముద్ర దీనికి గోడలా అడ్డుపడుతుంది. రెండు పొరల డిస్కు ఓర్చుకున్న మురికిని మూడు పొరలది ఓర్చుకోదు.

ఇలా చేయండి. డిస్కుని ట్యూబ్‌లైట్ కింద అడ్డంగా వంచి చూడండి, అంచున పొగలాంటి మరక కనిపిస్తే అదే. కళ్లజోడు తుడిచే మైక్రోఫైబర్ గుడ్డ, ఉతికి ఆరేసినది, తీసుకోండి. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ రెండు చుక్కలు. మధ్య రంధ్రం నుంచి అంచుకి తిన్నగా తుడవాలి, గుండ్రంగా తిప్పుతూ తుడవకూడదు. తిన్నగా పడ్డ గీత ఒక్కో ట్రాకుని ఒక్క చుక్క దగ్గరే దాటుతుంది, ఎర్రర్ కరెక్షన్ దాన్ని పూడ్చేస్తుంది. గుండ్రంగా పడ్డ గీత ఒకే ట్రాకు వెంట సాగుతుంది కాబట్టి డేటా వరసగా పోతుంది. జిడ్డు వదలకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని నీళ్లలో సగానికి సగం కలిపి వాడండి. అద్దాలు తుడిచే నీలం ద్రావకం, టూత్‌పేస్ట్ దగ్గరికి రానీయకండి. డీవీడీలకి చేసినట్టు పాలిషింగ్ మెషిన్‌లో అసలు పెట్టించకండి. 0.1 మిల్లీమీటరు పొరలో కొంచెం అరిగినా ఫోకస్ లోతు మారిపోయి డిస్కు మొత్తం పోతుంది.

కొత్త డిస్కు కూడా తుడవాల్సి రావచ్చు. అట్ట జేబుల్లో దూర్చి ఇచ్చే ఎడిషన్లలో అట్ట పొడి, జిగురు అంటుకుని వస్తాయి. బయటికి తీసేటప్పుడే గీతలు పడతాయి. అలాంటివి కొన్నాక మామూలు ప్లాస్టిక్ కేసులోకి మార్చుకోవడం మంచిది.

తుడిచాక కూడా అదే క్షణంలో ఆగితే ముద్రణ లోపం, మార్చి ఇమ్మనండి. ఒక్కోసారి ఒక్కో చోట ఆగితే, లేదా గంట నడిచాక ఏ డిస్కైనా ఆగితే ప్లేయర్ వేడెక్కుతోందని లెక్క. రిసీవర్ నెత్తిన పెట్టి ఉంటే తీసేయండి, పైన కనీసం నాలుగంగుళాల ఖాళీ ఉంచండి. మన ఎండాకాలంలో తలుపులున్న టీవీ యూనిట్‌లో పెడితే లోపల గాలి ఆడదు. వేడి కాదని తేలితే బీడీ-లైవ్ (డిస్కు ఇంటర్నెట్ నుంచి అదనపు సరుకు తెచ్చుకునే సౌకర్యం) ఆఫ్ చేసి, బీడీ డేటా చెరిపేసి, ప్లగ్ తీసి ఐదు నిమిషాలాగి మళ్లీ పెట్టండి. ఆ తర్వాతే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ గురించి ఆలోచించండి. ఫర్మ్‌వేర్ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లోకి దించి భద్రంగా దాచుకోండి, కంపెనీ సైటు ఎల్లకాలం ఉండకపోవచ్చు.

తెరచాటు_65:

డాలస్ నుంచి తెప్పించే విషయం. యూబీ820 అమెరికాలో సుమారు 400 నుంచి 500 డాలర్లు, డిస్కౌంట్ రోజుల్లో తగ్గుతుంది. ధర బాగానే ఉంది గానీ మూడు చిక్కులున్నాయి.

మొదటిది కరెంటు. అమెరికా మోడల్ వెనక లేబుల్ మీద 120 వోల్టులు అని మాత్రమే ఉంటే నేరుగా మన 230లో పెట్టకూడదు, పవర్ సప్లై కాలిపోవచ్చు. స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ప్లేయర్ తినేది తక్కువే, 100 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ ధారాళంగా సరిపోతుంది. చేత్తో ఎత్తితే బరువుగా ఉండే కాయిల్ రకమే తీసుకోండి. హెయిర్ డ్రయ్యర్లకి అమ్మే తేలికపాటి కన్వర్టర్లు ఎలక్ట్రానిక్స్‌కి పనికిరావు. బయటి అడాప్టర్‌తో నడిచే మోడళ్లయితే అడాప్టర్ మీద 100–240 అని ఉందేమో చూసుకోండి, ఉంటే పిన్ మార్చుకుంటే చాలు.

రెండోది రీజియన్. 4కే డిస్కులకి రీజియన్ తాళం లేదు, ఏ దేశంలో కొన్నదైనా ఏ ప్లేయర్‌లోనైనా ఆడుతుంది. ఇది ఈ ఫార్మాట్‌లో గొప్ప మేలు. కానీ అదే ప్లేయర్ మామూలు బ్లూ-రేలకి, డీవీడీలకి తాళం వేసే ఉంటుంది. అమెరికా బ్లూ-రే రీజియన్ ఎ, మనది సి. డీవీడీలో వాళ్లది 1, మనది 5. 4కే ప్యాకెట్లో జతగా వచ్చే మామూలు బ్లూ-రేకి, అందులోనే ఉండే అదనపు ఇంటర్వ్యూలకి కూడా ఈ తాళం ఉండొచ్చు. మీ దగ్గర పాత తెలుగు డీవీడీలుంటే విదేశాల మార్కెట్ కోసం వచ్చినవి చాలావరకు ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి), అన్ని రీజియన్లవి, ఇబ్బంది ఉండదు. ఇక్కడి దుకాణాల్లో కొన్న పాల్ (మన టీవీ పద్ధతి) డిస్కుల్ని అమెరికా ప్లేయర్ చదవకపోవచ్చు.

మూడోది వారంటీ. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లదు. అందుకని తమ్ముడిని అక్కడే పెట్టె విప్పి, ఒక 100 జీబీ డిస్కు మొదటి నుంచి చివరిదాకా ఆడించి చూడమనండి. విమానంలో చేతి సామానులో తెస్తే మంచిది. తెచ్చేముందు ట్రేలో డిస్కు లేదని మరొక్కసారి చూసుకోమనండి.

శ్రుతిపెట్టె:

ఓటీటీకీ డిస్కుకీ తేడా ఎంత అని ఎవరూ సూటిగా రాయలేదు కాబట్టి చెబుతున్నా. ఓటీటీ 4కే సాధారణంగా 15–25 ఎంబీపీఎస్. 20 అనుకుంటే రెండున్నర గంటలకి 22.5 జీబీ. డిస్కు దానికి మూడింతలు. సోనీ తన బ్రావియా టీవీల మీద 80 ఎంబీపీఎస్ దాకా స్ట్రీమ్ ఇస్తోంది గానీ దానికి ఇంట్లో 115 ఎంబీపీఎస్ నెట్ నిలకడగా రావాలి, సినిమాలు కూడా ఆ కేటలాగ్‌లో ఉన్నవే. వెలుతురున్న మామూలు సీనులో తేడా పెద్దగా తెలియదు. పొగమంచు, చీకటి గది, వాన, ఫిల్మ్ గ్రెయిన్ ఉన్న పాత సినిమా పెట్టండి. ఓటీటీలో నలుపు మెట్లు మెట్లుగా, చదరాలుగా విరుగుతుంది. డిస్కులో గ్రెయిన్ కదులుతూ సజీవంగా ఉంటుంది.

శబ్దంలో తేడా ఇంకా ఎక్కువ. ఓటీటీలో అట్మాస్ (తల పైనుంచి కూడా వినిపించే డాల్బీ శబ్దం) డాల్బీ డిజిటల్ ప్లస్ మీద వస్తుంది, ఎక్కువగా 768 కేబీపీఎస్ లోపే. డిస్కులో డాల్బీ ట్రూహెచ్‌డీ, నష్టం లేని కుదింపు, సెకనుకి కొన్ని మెగాబిట్లు. మీకు 5.1.2 ఉంది కాబట్టి మొదటిరోజే వినపడుతుంది, కానీ సెట్టింగ్ సరిగ్గా ఉంటేనే. ప్లేయర్‌లో ఆడియో బిట్‌స్ట్రీమ్‌లో (శబ్దాన్ని విప్పకుండా నేరుగా రిసీవర్‌కి పంపే పద్ధతి) పెట్టండి. బీడీ ఆడియో మిక్స్, కొన్నిట్లో సెకండరీ ఆడియో అని ఉంటుంది, దాన్ని తప్పకుండా ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే మెనూ టిక్కుటిక్కు శబ్దాలు కలపడం కోసం ప్లేయర్ సౌండ్‌ట్రాక్ మొత్తాన్ని విప్పి మళ్లీ కుదిస్తుంది, రిసీవర్ మీద అట్మాస్ వెలగదు. "నా డిస్కులో అట్మాస్ రావట్లేదు" అని వచ్చే ఫిర్యాదుల్లో మొదట చూడాల్సింది ఇదే.

టీవీ వైపు ఆ హెచ్‌డీఎంఐ పోర్టుని ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్‌కి మార్చండి. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది, ఎల్‌జీలో డీప్ కలర్, శామ్‌సంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్. మార్చకపోతే హెచ్‌డీఆర్ రాదు, బొమ్మ పాలిపోయి కనిపిస్తుంది. మీ ఓలెడ్ శామ్‌సంగ్‌దైతే డాల్బీ విజన్ గురించి మరిచిపోండి, వాళ్ల టీవీల్లో లేదు, హెచ్‌డీఆర్10 ప్లస్ మాత్రమే. కేబుల్ 18 జీబీపీఎస్ ప్రీమియం హై స్పీడ్ అని ముద్ర ఉన్నది చాలు, 48 జీబీపీఎస్ కేబుల్ కొననక్కర్లేదు. ఐదు మీటర్లు దాటితే మాత్రం ఆప్టికల్ హెచ్‌డీఎంఐ తీసుకోండి, రాగి తీగలో బొమ్మ ఉండుండి ఒక్క సెకను నల్లబడుతుంది. 24పీ (సెకనుకి 24 ఫ్రేములు, సినిమా తీసే వేగం) అవుట్‌పుట్ ఆన్ చేయండి.

యూబీ820లో టీవీ రకం అడిగే చోట ఓలెడ్ ఎంచుకోండి. సినిమాలని 1,000 నిట్స్ (వెలుగు కొలత) లేదా 4,000 నిట్స్ మానిటర్ మీద గ్రేడ్ చేస్తారు, అంటే రంగులు, వెలుగు సరిచేస్తారు. టీవీ అంత వెలుగు ఇవ్వలేనప్పుడు ఎక్కడ తగ్గించాలో ఈ సెట్టింగే చెబుతుంది. తప్పు రకం పెడితే మేఘాలు, దీపాలు తెల్లని ముద్దలా అంటుకుపోతాయి.

ఏ సినిమాలు కొనాలి అన్నది కూడా ఆలోచించుకోండి. 2000 తర్వాత డిజిటల్‌గా పూర్తిచేసిన చాలా సినిమాల మాస్టర్ (అసలు ప్రతి) 2కేనే, అంటే 4కేలో పావు వంతు పిక్సెళ్లే. దాన్ని 4కేకి సాగదీసి డిస్కు వేస్తారు. వాటిలో లాభమంతా హెచ్‌డీఆర్ రంగుల్లోనే. 35 ఎంఎం, 65 ఎంఎం నెగటివ్ మీద తీసి కొత్తగా స్కాన్ చేసినవాటిలో నిజమైన 4కే వివరం ఉంటుంది. సత్యజిత్ రాయ్ అపూ త్రయం నెగటివ్‌లు 1993లో లండన్ ల్యాబ్ అగ్నిప్రమాదంలో కాలాయి. మిగిలిన ముక్కల్ని బోలోన్యాలో ఒక్కో ఫ్రేము చొప్పున బాగుచేశారు. ఆ పనితనం చూడాలంటే క్రైటీరియన్ 4కే డిస్కులోనే చూడాలి. భుజాల మీద శాలువా నేత పోగులు లెక్కపెట్టుకోవచ్చు.

గోదారిగట్టు:

అందరికీ ధన్యవాదాలు. ఫ్రేమురేటు24 గారూ, మీరు చెప్పినట్టు తుడిచాక డిస్కు చివరిదాకా ఆడింది. అంచున నిజంగానే అట్ట జిగురు మరక ఉంది. ఇంకో రెండు సందేహాలు. మన తెలుగు సినిమాలు 4కే డిస్కు మీద ఎప్పటికైనా వస్తాయా? డిస్కుల్లో సగం కాకినాడ ఇంట్లో పెట్టాలి, సముద్రపు గాలి, చెమ్మ. ఎలా దాచాలి?

నీలిలేసర్:

తెలుగు సినిమాల విషయంలో అడ్డు సాంకేతికం కాదు, ఇది చెప్పాల్సిన మాటే. థియేటర్‌కి వెళ్లే ప్రింటు 48 నిట్స్ వెలుగుకి గ్రేడ్ చేసినది, ఇంటి హెచ్‌డీఆర్‌కి విడిగా గ్రేడ్ కావాలి. పెద్ద సినిమాలకి ఓటీటీ సంస్థలు డాల్బీ విజన్ మాస్టర్ అడుగుతున్నాయి కాబట్టి ఆ పని చాలావాటికి ఇప్పటికే అయిపోయి ఉంది. నిడివి కూడా అడ్డు కాదు. మూడు గంటల సినిమాని 100 జీబీలో పెడితే శబ్దంతో కలిపి సగటున 74 ఎంబీపీఎస్ వస్తుంది. 66 జీబీ (రెండు పొరల) డిస్కులో కుక్కితే 49కి పడిపోతుంది. అందుకని మన సినిమాలకి మూడు పొరల డిస్కే కావాలి.

అడ్డుపడేది హక్కులు, అమ్మకం. ఒకప్పుడు హోమ్ వీడియో హక్కులు విడిగా అమ్ముడయ్యేవి. ఇప్పుడు డిజిటల్ హక్కుల ఒప్పందమే సర్వం. మోసర్ బేర్ 28 రూపాయలకి వీసీడీ, 34కి డీవీడీ అమ్మిన అలవాటు మీద ఇక్కడ పెరిగిన మార్కెట్ ఇది. ఆ సంస్థే 2018లో లిక్విడేషన్‌కి వెళ్లింది. ఏఏసీఎస్ (కాపీ చేయకుండా అడ్డుకునే తాళం) లైసెన్సు, ఆథరింగ్ (డిస్కు మెనూలు, ఫైళ్లు కూర్చే పని), విదేశంలో ప్రెస్సింగ్ కలుపుకుంటే డిస్కు వేల రూపాయల్లోకి పోతుంది. దారి ఒకటే కనిపిస్తోంది. ముందే డబ్బు కట్టించుకుని, లెక్కపెట్టిన ప్రతులే నొక్కించే పద్ధతి. అమెరికాలో, జపాన్‌లో మన సినిమాకి డబ్బు పెట్టి టికెట్ కొనే జనం ఉన్నారు. ఆర్ఆర్ఆర్ 2022 అక్టోబరులో జపాన్‌లో విడుదలై నెలల తరబడి ఆడింది. అలాంటి చోట మొదలైతే రీజియన్ తాళం లేదు కాబట్టి ఇక్కడికీ చేరుతుంది.

నాకు నిజంగా బాధ కలిగించేది పాత సినిమాల సంగతి. 2022 ఆగస్టులో పోకిరి నుంచి మొదలైన రీ-రిలీజుల వల్ల ఎన్నో సినిమాలకి 4కే ప్రింట్లు తయారయ్యాయి. రెండు రోజులు థియేటర్లో కేకలు, తర్వాత ఆ ఫైల్ ఏ హార్డ్ డిస్కులో ఉందో తెలియదు. జనం కొనుక్కుని ఇంట్లో పెట్టుకునే రూపం దానికి లేదు. నెగటివ్ పాడై, ఆ హార్డ్ డిస్కూ పోతే మిగిలేది యూట్యూబ్ ప్రింటే.

ఫ్రేమురేటు24:

కాకినాడ సంగతికొస్తే, డిస్కుల్ని పుస్తకాల్లా నిలబెట్టి పెట్టండి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకండి. అడుగున ఉన్నవి ఏళ్ల తరబడి బరువుకి వంగుతాయి. 25 డిగ్రీల లోపు వేడి, 40–50 శాతం చెమ్మ ఉంటే బాగుంటుంది. కాకినాడలో అది ఏసీ లేకుండా కుదరదు కాబట్టి గాలి చొరబడని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ 200 గ్రాములు, 300 రూపాయల లోపు దొరికే చిన్న హైగ్రోమీటర్. మీటర్ 55 దాటితే జెల్ మార్చండి. రంగు మారే నారింజ రకం తెచ్చుకుంటే ఓవెన్‌లో 110–120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. సముద్రం వైపు గోడకి ఆనించి డబ్బా పెట్టకండి. చెమ్మకి ముందు బూజు పట్టేది లోపలి కాగితం బుక్‌లెట్, దాన్ని విడిగా జిప్ కవర్లో పెట్టండి.

హబ్ దగ్గర పగులు చాలామంది గమనించరు. డిస్కు తీసేటప్పుడు మధ్య బొత్తాం నొక్కి పైకి ఎత్తాలి. అంచు పట్టుకుని గుంజితే రంధ్రం చుట్టూ వెంట్రుకంత పగులు వస్తుంది, కొన్ని నెలలకి అది డేటా దాకా పాకుతుంది.

డిస్కులు చావవన్న ధీమా మాత్రం వద్దు. 2006–2008 మధ్య నొక్కిన వార్నర్ డీవీడీలు కొన్ని ఎవరూ ముట్టుకోకుండానే అల్మారాలో పాడయ్యాయి, 2025లో సంస్థే ఒప్పుకుని మార్చి ఇస్తామంది. అందుకని కొత్త డిస్కు వచ్చిన రోజే, వాపసు గడువు లోపల, మూడు చోట్ల ఆడించి చూడండి. సినిమా నిడివిలో మూడో వంతు దగ్గర, మూడింట రెండు వంతుల దగ్గర, చివరి ఐదు నిమిషాలు. 100 జీబీ డిస్కులో మొదటి రెండూ సుమారుగా పొర మారే చోట్లు. ఒక్కో చోట రెండు నిమిషాల ముందు నుంచి మొదలుపెట్టి తర్వాత ఐదు నిమిషాలు చూడండి, నేరుగా ఆ క్షణానికి దూకితే పొర మార్పు పరీక్ష కాదు. తేదీ వేసి కేసు లోపల చీటీ పెట్టండి. ఏడాదికోసారి అదే మూడు చోట్లు.

తెరచాటు_65:

పెళ్లి వీడియోల గురించి కూడా చాలామంది ఇక్కడ అడుగుతుంటారు కాబట్టి ఇదే చోట రాస్తున్నా. 4కేలో 100 ఎంబీపీఎస్‌తో తీసిన మూడు గంటల ఫుటేజ్ 135 జీబీ. సోనీ 2025 ఫిబ్రవరిలో రైటబుల్ బ్లూ-రే తయారీ ఆపేసింది, వర్బాటిమ్ ఇంకా దొరుకుతోంది. కొనేటప్పుడు హెచ్‌టీఎల్ రకమే అడగండి, ఎల్‌టీహెచ్ వద్దు. ఎల్‌టీహెచ్‌లో సేంద్రియ రంగు వాడతారు, వేడికీ వెలుతురుకీ తొందరగా పాడవుతుంది. 100 జీబీ డిస్కులకి బీడీఎక్స్ఎల్ అని రాసున్న డ్రైవే కావాలి. వీలైతే 25 జీబీ డిస్కుల మీద ముక్కలుగా రాయండి, ఒకటి పోయినా మిగతావి ఉంటాయి. నాలుగింతల (4x) వేగం మించి రాయకండి, రాశాక వెరిఫై ఆప్షన్ వదలకండి. ఇంకో ప్రతి హార్డ్ డిస్కులో, వేరే ఊళ్లో.